వేగానికి వ్యూహంతో పగ్గాలు వేసిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం

ట్రాఫిక్ (ఖరగ్‌పూర్): భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుంచి 1962 వరకు సాగిన కాలాన్ని స్వర్ణయుగమని పిలుస్తారు. ఆ పన్నెండేళ్లలో భారత జట్టు రెండుసార్లు ఆసియా క్రీడల స్వర్ణ పతకం సాధించింది, ఒకసారి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మూడు విజయాల వెనుకా ఉన్న శిక్షకుడు ఒక్కరే. ఆయనే హైదరాబాద్‌కు చెందిన పాఠశాల ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లు ఆయనను రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు.

రహీం పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది ఆయన తయారుచేసిన దాడి శ్రేణి. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం ముగ్గురూ ఆయన చేతి కింద వికసించినవారే. అయితే ఆయన శిక్షక జీవితాన్ని మొదటి నుంచి పరిశీలిస్తే మరో విషయం స్పష్టమవుతుంది. అంచుల వెంట మెరుపులా పరుగెత్తే వింగర్లను, ఒకచోట నిలవక మైదానమంతా సంచరిస్తూ బంతిని పంచే సూత్రధారిని నిలువరించడం ఎలాగన్న ప్రశ్నే ఆయనను చివరి వరకు వెంటాడింది. ఆ ప్రశ్నకు ఆయన వెదికిన సమాధానమే భారత ఫుట్‌బాల్ స్వరూపాన్ని మార్చివేసింది.

నల్లబల్ల నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. నిజాం పాలనలోని ఆ నగరంలో ఫుట్‌బాల్‌కు అప్పటికే మంచి ఆదరణ ఉండేది. సైనిక దళాలు, పోలీసు శాఖ, విద్యాసంస్థలు తమ తమ జట్లను పోషించేవి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లోనే రహీం మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. సిటీ కళాశాల పూర్వ, ప్రస్తుత విద్యార్థులతో ఏర్పడిన ఎలెవన్ హంటర్స్ జట్టుకు ఆడారు. ఆ తరువాత స్థానిక లీగ్‌లో బలమైన జట్లలో ఒకటిగా పేరొందిన కమర్ క్లబ్‌కు ప్రాతినిధ్యం వహించారు. ఆటలో ఆయనకు పునాది పడింది కళాశాల మైదానంలోనే.

జీవనోపాధికి ఆయన ఎంచుకున్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలల్లో క్రీడా బాధ్యతలు కూడా స్వీకరించారు. తరగతి గదిలో అలవడిన పద్ధతినే ఆయన తరువాత మైదానానికి తీసుకువెళ్లారు. పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీయడం, ఒక్కొక్క భాగాన్నీ పట్టు వచ్చేవరకు సాధన చేయించడం, విద్యార్థి లోపాన్ని బట్టి అభ్యాసాన్ని మార్చడం ఆయన బోధనకు ప్రాణం.

1943లో రహీం హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా బాధ్యతలు చేపట్టారు. మరణించేవరకు ఆ పదవిలోనే కొనసాగారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ కూడా ఆయన చేతికి వచ్చింది. అక్కడి నుంచి దేశ ఫుట్‌బాల్ పటంలో హైదరాబాద్ స్థానం వేగంగా మారిపోయింది.

పోలీసు జట్టు ప్రభంజనం

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ అప్పట్లో దేశంలోని ప్రతిష్ఠాత్మక పోటీలలో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఆ కప్పును గెలుచుకుంది. డ్యూరాండ్ కప్‌లోనూ విజేతగా నిలిచింది. కలకత్తా క్లబ్బులదే పైచేయిగా ఉన్న ఆ కాలంలో దక్షిణాది నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు ఇంతటి ఆధిపత్యాన్ని చూపడం దేశాన్ని ఆశ్చర్యపరిచింది. రాష్ట్ర స్థాయిలో కూడా హైదరాబాద్ వెనుకబడలేదు. 1956-57, 1957-58 పోటీలలో వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీని కైవసం చేసుకుంది.

ఈ విజయాలకు ఒక్కరిద్దరు ప్రతిభావంతుల నైపుణ్యం మాత్రమే కారణం కాదు. బంతి కాలి దగ్గర నిలవకుండా ఒకరి నుంచి ఒకరికి వేగంగా చేరాలన్నది రహీం నియమం. ఇందుకోసం ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్‌కు తావులేని ప్రత్యేక పోటీలు నిర్వహించారు. బంతి అందిన ఆటగాడు ప్రత్యర్థిని తప్పించుకుంటూ సొంతంగా ముందుకు సాగడం అక్కడ నిషిద్ధం. అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలను కూడా ఏర్పాటు చేశారు. కుడికాలి వాటం ఆటగాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఆటగాడు కుడికాలితో బంతిని అందించాలి.

పైకి ఇవి ఫార్వర్డ్‌ల కోసం రూపొందించిన అభ్యాసాలుగా కనిపిస్తాయి. వీటి ప్రయోజనం రక్షకులకు కూడా అంతే ఉంది. వేగంగా వచ్చే వింగర్‌ను ఎదుర్కొనే ఫుల్‌బ్యాక్‌కు ఒకే కాలు వాటంగా ఉంటే ప్రత్యర్థి రెండో వైపు నుంచి సులువుగా దాటిపోతాడు. రెండు కాళ్లూ సమంగా పనిచేసినప్పుడే ఏ వైపు మళ్లినా అడ్డుకోగలుగుతాడు. అదేవిధంగా బంతి నిరంతరం చేతులు మారే ఆటలో సాధన చేసిన రక్షకుడికి బంతి కంటే ముందుగా ఖాళీ స్థలాన్ని చూసే అలవాటు ఏర్పడుతుంది.

ఢిల్లీలో తొలి స్వర్ణం

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు న్యూఢిల్లీలో జరిగాయి. భారత జట్టు శిక్షణ బాధ్యత రహీంకు దక్కింది. జట్టుకు శైలేన్ మన్నా నాయకత్వం వహించారు. ఫైనల్‌లో ఇరాన్‌పై షెవూ మేవాలాల్ చేసిన ఏకైక గోల్‌తో భారత్ 1-0 తేడాతో గెలిచింది. స్వతంత్ర భారతదేశానికి ఫుట్‌బాల్‌లో అది తొలి అంతర్జాతీయ స్వర్ణం. రక్షణ శ్రేణి ఆ మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అయితే ఆసియా స్థాయిలో సరిపోయిన ఆ పద్ధతి ఐరోపా జట్ల ముందు నిలుస్తుందా అన్న పరీక్ష మరుసటి సంవత్సరమే ఎదురైంది.

హెల్సింకి నేర్పిన పాఠం

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియాతో తలపడింది. ఫలితం 10-1. భారత ఫుట్‌బాల్ చరిత్రలోనే అతి పెద్ద ఓటములలో అది ఒకటి. మొదటి అర్ధభాగం ముగిసేసరికే యుగోస్లావియా ఐదు గోల్స్ ఆధిక్యంలో ఉంది. ఎడమ అంచున ఆడిన బ్రాంకో జెబెక్ ఒక్కరే నాలుగు గోల్స్ చేశారు. జెబెక్ ఆ కాలపు ఐరోపాలో అసాధారణమైన వేగానికి పేరొందిన ఆటగాడు. భారత్ తరఫున అహ్మద్ ఖాన్ ఆట చివరిలో ఒక గోల్ సాధించి కొంత ఊరట కలిగించారు. యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో రజత పతకం వరకు వెళ్లింది.

ఈ ఓటమికి చాలామంది చూపిన కారణం పాదరక్షలు. భారత ఆటగాళ్లలో అనేకులు వట్టి కాళ్లతో ఆడారు. అలవాటు లేని చలి వారిని మరింత ఇబ్బంది పెట్టింది. ఆ తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసింది. బూట్ల కొరత నిజమే. కానీ పది గోల్స్ పడడానికి అది ఒక్కటే కారణం కాదు. లోపం జట్టు నిలబడిన తీరులోనే ఉంది.

భారత జట్లు అప్పటివరకు రెండు బ్యాకుల పద్ధతిని అనుసరించేవి. గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అందరికంటే ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. సెంటర్ హాఫ్ రక్షణలోనూ దాడిలోనూ పాలుపంచుకుంటూ మధ్య మైదానంలో తిరిగేవాడు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారేవరకు ఈ ఏర్పాటు చక్కగా పనిచేసింది. అంతకుముందు బంతిని అందుకునే ఫార్వర్డ్‌కూ గోల్ గీతకూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. 1925 తరువాత ఇద్దరుంటే చాలు. దీనితో ఫార్వర్డ్‌లకు ఒక్కసారిగా ఎంతో చోటు దొరికింది.

ఈ మార్పును ఇంగ్లాండ్‌లో ఆర్సెనల్ జట్టు మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ త్వరగా గ్రహించారు. సెంటర్ హాఫ్‌ను వెనక్కి దింపి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమ మూడో రక్షకుడిగా నిలిపారు. అప్పుడు ఫుల్‌బ్యాక్‌లు అంచులకు జరిగి వింగర్లను నేరుగా కాచుకోగలిగారు. ఐరోపా అంతటా ఈ పద్ధతి పాతుకుపోయినా భారతదేశంలో పాత పద్ధతే కొనసాగింది. హెల్సింకిలో జెబెక్ వంటి వేగవంతుడు అంచు వెంట దూసుకువచ్చినప్పుడు అతనికీ గోల్‌కూ మధ్య నిలబడవలసిన మనిషి భారత వ్యూహంలోనే లేడు.

మూడో రక్షకుడి రాక

హెల్సింకి నుంచి తిరిగి వచ్చిన తరువాత భారత జట్టును మూడు బ్యాకుల పద్ధతికి మళ్లించడంలో రహీం ప్రధాన పాత్ర వహించారు. ఇది సులువుగా జరిగిన పని కాదు. ఏళ్ల తరబడి ఒకే తీరుకు అలవాటుపడిన క్లబ్బులు, శిక్షకులు, ప్రేక్షకులు సెంటర్ హాఫ్‌ను వెనక్కి పంపడాన్ని పిరికితనంగా భావించేవారు. మధ్య మైదానంలో ఠీవిగా తిరిగే ఆటగాడిని గోల్ ముందు కాపలాదారుగా నిలపడం చాలామందికి రుచించలేదు.

ఇంతలో ప్రపంచ ఫుట్‌బాల్ మరో మలుపు తిరిగింది. 1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో హంగేరీ జట్టు ఇంగ్లాండ్‌ను 6-3 తేడాతో ఓడించింది. హంగేరీ శిక్షకుడు గుస్తావ్ షెబెష్ తన సెంటర్ ఫార్వర్డ్ నాందోర్ హిదెగ్‌కుతిని గోల్ ముందు నిలపకుండా మధ్య మైదానానికి వెనక్కి పంపారు. అక్కడి నుంచి హిదెగ్‌కుతి స్వేచ్ఛగా సంచరిస్తూ బంతిని పంచారు. ఆయనను కాచుకోవలసిన ఇంగ్లాండ్ రక్షకుడు రెండు దారుల మధ్య చిక్కుకున్నాడు. వెంట వెళితే వెనుక పెద్ద ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి పుష్కాష్, కోచిష్ వంటివారు దూసుకువస్తారు. వెళ్లకుండా ఉన్నచోటనే నిలబడితే సూత్రధారికి అడ్డు చెప్పేవారే ఉండరు.

ఈ చిక్కుకు విరుగుడు మనిషిని వెంబడించడంలో లేదు, స్థలాన్ని పంచుకోవడంలో ఉంది. సంచరించే ఆటగాడు ఎవరి పరిధిలోకి వస్తే వారు అతన్ని ఎదుర్కోవాలి, పరిధి దాటగానే మరొకరికి అప్పగించాలి. ఒక హాఫ్‌బ్యాక్ వెనక్కి జరిగి నాలుగో రక్షకుడిగా నిలబడితే మధ్యలో ఇద్దరు కాపలాదారులు ఉంటారు. ఒకరు ముందుకు కదిలినా మరొకరు వెనుక రక్షణగా మిగులుతారు. అంచున ఉన్న ఫుల్‌బ్యాక్ వేగంగా వచ్చే వింగర్ మీదికి తొందరపడి దూకకూడదు. కొద్ది దూరం పాటిస్తూ వెనక్కి నడుస్తూ ప్రత్యర్థిని గీత వైపు మళ్లించాలి. అతని వేగం తగ్గిన క్షణంలోనే బంతి కోసం ప్రయత్నించాలి. లోపలి రక్షకుడు వాలుగా వెనుక నిలిచి, మొదటివాడు తప్పితే అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్య ఆటగాళ్లు, నలుగురు ఫార్వర్డ్‌ల పద్ధతిని 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ప్రపంచానికి పరిచయం చేసింది. అంతకుముందే రహీం తన జట్లతో ఈ తరహా ప్రయోగాలు చేశారని భారత ఫుట్‌బాల్ చరిత్రకారులు పేర్కొంటారు. హైదరాబాద్ నగరంలో ఉంటూ, వార్తాపత్రికలు, విదేశీ పర్యటనలు తప్ప వేరే ఆధారం లేని రోజుల్లో ఒక ఉపాధ్యాయుడు ప్రపంచ పరిణామాలను ఇంత దగ్గరగా అనుసరించడం విశేషం.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు రహీం తీసుకువెళ్లిన జట్టు పూర్తిగా బూట్లు ధరించి, కొత్త వ్యూహాన్ని ఒంటబట్టించుకున్న జట్టు. సమర్ బెనర్జీ నాయకుడు. హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటివారు జట్టులో ఉన్నారు. తొలి రౌండ్‌లో హంగేరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా ముందుకు వెళ్లింది.

డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడిగా నిలిచారు. సెమీఫైనల్‌లో భారత్‌కు మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. నాలుగేళ్ల కిందట తొలి అర్ధభాగంలోనే ఐదు గోల్స్ సమర్పించుకున్న జట్టు ఈసారి విరామం వరకు ఒక్కటీ ఇవ్వలేదు. విరామం తరువాత నెవిల్ డిసౌజా గోల్‌తో భారత్ ఆధిక్యంలోకి కూడా వెళ్లింది. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. పావుగంటలోపే యుగోస్లావియా మూడు గోల్స్ చేసి, చివరకు 4-1 తేడాతో గెలిచింది.

మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0 తేడాతో ఓడి భారత్ నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. పతకం చేజారినా ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ సాధించిన అత్యుత్తమ స్థానం నేటికీ అదే. పది గోల్స్ సమర్పించుకున్న చోట నాలుగేళ్లలో గంటకు దగ్గరగా సమఉజ్జీగా నిలవగలిగిన జట్టు తయారైంది. మిగిలిన లోపం ఏమిటో కూడా ఆ పావుగంట చూపించింది. ఆధిక్యం వచ్చిన తరువాత ఒత్తిడిలో కట్టుబాటు సడలకుండా చూడడం రహీం ముందున్న తదుపరి పని.

రోమ్‌లో పరీక్ష

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు హంగేరీ, ఫ్రాన్స్, పెరూలతో కూడిన కఠినమైన గ్రూపు దక్కింది. పి.కె.బెనర్జీ నాయకత్వం వహించారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ముందు జర్నైల్ సింగ్, అరుణ్ ఘోష్, చంద్రశేఖర్ వంటివారు రక్షణ శ్రేణిలో ఉన్నారు. యువ ఫ్లోరియాన్ ఆల్బర్ట్‌తో కూడిన హంగేరీ అతి కష్టం మీద 2-1 తేడాతో బయటపడింది. భారత్ తరఫున బలరాం గోల్ చేశారు. తరువాతి కాలంలో ఐరోపా ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్న ఆల్బర్ట్ వంటివారున్న జట్టును భారత రక్షకులు రెండు గోల్స్‌కు పరిమితం చేయడం చిన్న విషయం కాదు.

ఫ్రాన్స్‌తో మ్యాచ్ 1-1 తో సమమైంది. భారత్ గోల్ బెనర్జీ చేశారు. పెరూ చేతిలో 3-1 తేడాతో ఓడడంతో భారత్ గ్రూపు దశలోనే వెనుదిరిగింది. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌లో ఆడలేదు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా రోమ్‌కు వెళ్లిన జట్టులో సభ్యుడు. ఆయన అనంతర కాలంలో అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పేరు పొంది 2021లో కన్నుమూశారు.

జకార్తాలో ఆఖరి పోరు

1962 నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. దీర్ఘకాలం పొగ తాగే అలవాటున్న ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ కబళిస్తోంది. ఆ స్థితిలోనే చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టుతో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో భారత్‌ను ఓడించింది. కొరియన్ల దేహదార్ఢ్యం, అలుపెరగని పరుగు భారత రక్షకులను ఇబ్బంది పెట్టాయి.

తరువాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 తేడాతో గెలిచి భారత్ సెమీఫైనల్ చేరింది. థాయిలాండ్‌తో ఆడుతుండగా ప్రధాన రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. కుట్లు వేయవలసి వచ్చింది. జర్నైల్ లేని రక్షణను ఊహించడం కష్టం. కుట్లు పడిన తలతో గాలిలో వచ్చే ప్రతి బంతికీ ఎగిరే బాధ్యతను ఆయనపై మోపడం ఇంకా కష్టం.

రహీం తీసుకున్న నిర్ణయం అందరినీ ఆశ్చర్యపరిచింది. కళాశాల రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి గుర్తుంచుకొని, ఆయనను సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి పంపారు. రక్షణ భారాన్ని అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ పంచుకున్నారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2 తేడాతో గెలిచింది. వాటిలో ఒక గోల్ జర్నైల్‌దే.

సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు దూరంగా ఉంచడాన్ని భారత ప్రతినిధి జి.డి.సోంధీ వ్యతిరేకించడంతో ఇండోనేషియా ప్రజల్లో భారత్‌పై ఆగ్రహం పెల్లుబికింది. దాదాపు లక్షమంది నిండిన సెనయన్ మైదానం భారత ఆటగాళ్లను గేలి చేసింది. మ్యాచ్‌కు ముందు రోజు రాత్రి రహీం ఆటగాళ్లను పిలిచి తనకు స్వర్ణాన్ని కానుకగా ఇవ్వమని కోరారని జట్టు సభ్యులు తరువాతి సంవత్సరాలలో చెప్పుకున్నారు.

ఫైనల్‌కు గోల్‌కీపర్‌గా ప్రద్యుత్ బర్మన్ స్థానంలో పొడగరి అయిన తంగరాజ్‌ను రహీం ఎంచుకున్నారు. గోల్ ముందుకు వచ్చే ఎత్తు బంతులను అందుకోవడానికి ఆ ఎంపిక ఉపకరించింది. ఆట మొదలైన ఇరవై నిమిషాలలోపే బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ చేశారు. ఆపై మిగిలినది రక్షకుల పని. మెల్‌బోర్న్‌లో ఆధిక్యం వచ్చిన పావుగంటలో చెదిరిపోయిన కట్టుబాటు ఈసారి గంటకు పైగా నిలిచింది. కొరియా ఆట చివరి నిమిషాల్లో మాత్రమే ఒక గోల్ తిరిగి ఇవ్వగలిగింది. భారత్ 2-1 తేడాతో రెండోసారి ఆసియా విజేత అయింది. తొలి మ్యాచ్‌లో తమను ఓడించిన జట్టునే పది రోజులు తిరగకముందే ఓడించడం రహీం అధ్యయన శక్తికి నిదర్శనం.

ఆ విజయం తరువాత ఏడాది కూడా గడవకముందే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు.

రైల్వే మైదానాల్లో కొనసాగిన పాఠం

రహీం నేర్పిన పాఠం ఆయనతో ముగిసిపోలేదు. దానిని దేశమంతటికీ చేర్చినవారిలో రైల్వే జట్ల ఆటగాళ్లు ముఖ్యులు. పి.కె.బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి. ఆయన ఆడిన ఈస్టర్న్ రైల్వే జట్టు 1958లో కలకత్తా లీగ్‌ను గెలుచుకుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం ఈస్ట్ బెంగాల్ తరువాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు ఆడారు. జకార్తా రక్షణలో కీలకంగా నిలిచిన అరుణ్ ఘోష్ కూడా తరువాత అదే జట్టులో చేరారు. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడినా ఫుట్‌బాల్ జట్టు మాత్రం బి.ఎన్.ఆర్. అన్న పాత పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

ఆ రైల్వేకు గుండెకాయ వంటి పట్టణం ఖరగ్‌పూర్. రైలు మార్గం, కర్మాగారం వెలసిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఉపాధి కోసం ఇక్కడికి తరలివచ్చాయి. ట్రాఫిక్ వంటి రైల్వే వాడల్లో తరతరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ, వాల్తేరు మీదుగా కలకత్తా చేరే రైలు ఖరగ్‌పూర్ దాటకుండా హౌరా చేరదు. తెలుగు నేల నుంచి కలకత్తా మైదానాలకు సాగిన ఫుట్‌బాల్ ప్రయాణానికి కూడా దారి ఇదే. రైల్వే జట్టు 1961-62, 1964-65, 1966-67 పోటీలలో సంతోష్ ట్రోఫీ గెలిచింది. మధ్యలో 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఆ ట్రోఫీని అందుకుంది.

మిగిలిన ఋణం

రహీం మరణించిన తరువాత భారత పురుషుల జట్టు ఆసియా క్రీడల్లో మరో స్వర్ణం సాధించలేదు. 1970 బ్యాంకాక్ క్రీడల్లో దక్కిన కాంస్యమే చివరి పతకం. ఉత్తమ శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం మరణించి రెండు దశాబ్దాలు దాటింది. 2024లో విడుదలైన మైదాన్ హిందీ చలనచిత్రం ఆయన జీవితాన్ని కొత్త తరానికి పరిచయం చేసింది. అంతకుముందు దశాబ్దాలపాటు ఆయన పేరు ఫుట్‌బాల్ అభిమానుల పరిధిలోనే మిగిలిపోయింది.

వేగం ప్రకృతి ఇచ్చే వరం. దానిని అందరికీ నేర్పడం సాధ్యం కాదు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఆగాలి, పక్కవాడు తప్పితే ఎలా అందుకోవాలి అన్నవి మాత్రం నేర్పగలిగినవి. వాటిని సాధారణ ఆటగాళ్లకు ఓపికగా నేర్పి, తమకంటే వేగవంతులైన, బలవంతులైన జట్ల ముందు నిలబెట్టిన ఘనత రహీంది. హెల్సింకిలో పడిన పది గోల్స్ నుంచి జకార్తాలో రెండు గోల్స్ ఆధిక్యాన్ని గంటకు పైగా కాపాడుకున్న స్థాయికి భారత జట్టు చేరడానికి పట్టిన కాలం పదేళ్లు. ఆ పదేళ్ల శ్రమే ఆయన జీవితం. తగిన శిక్షకుడి కోసం, తగిన క్రమశిక్షణ కోసం నేటికీ వెదుకుతున్న భారత ఫుట్‌బాల్‌కు ఆ జీవితం ఇప్పటికీ చదువదగిన పాఠం.